నా పేరున్న నీళ్ల ప్యాకెట్లు

నాకు రెండు పేర్లు. ఒకటి సర్టిఫికెట్ల మీద ఉన్నది. బడిలోనూ, బ్యాంకులోనూ, పెళ్లయ్యాక అత్తవారింట్లోనూ అందరూ దానితోనే పిలిచారు. రెండోది నాన్న పెట్టుకున్నది. దానితో నాన్న ఒక్కడే పిలిచేవాడు. అమ్మ కూడా ఆ పేరు జోలికి వెళ్లేది కాదు. "అది మీ తండ్రీకూతుళ్ల గొడవ, నాకెందుకు" అనేది. అమ్మతో సహా ఊరంతా నాన్నని మీరు అనేవారు. నేనొక్కదాన్నే నువ్వు అనేదాన్ని. దానికి ఇదీ, దీనికి అదీ సరిపోయింది.

ఆ రెండో పేరు ఇక్కడ రాయను. ఏలూరు బస్టాండులో దాన్ని ఇప్పటికే చాలామంది తొక్కారు. ఎందుకు తొక్కారంటే, అది నీళ్ల ప్యాకెట్ల మీద ఉండేది.

రెండువేల సంవత్సరం వచ్చేదాకా నాన్నది గోళీసోడాల వ్యాపారం. మా పెరట్లో రేకుల షెడ్డు, అందులో సోడా మిషను, చెక్క కేసుల నిండా సీసాలు. పొద్దున రిక్షాలో వెళ్లిన సీసాలు సాయంత్రానికి ఇల్లు చేరాలి. తాగినవాళ్లు సీసా కొట్టు దగ్గరే పెట్టి వెళ్లాలి, కొట్టతను కేసులో సర్దాలి, నాన్న తెచ్చుకోవాలి. ఆ వ్యాపారమే అంత. ఒక్క సీసా తగ్గినా నాన్నకి అన్నం సయించేది కాదు. కంచం ముందునించి లేచి, సైకిలు తీసుకుని కిళ్లీకొట్టుకి వెళ్లి, "ఏవండీ, మాదొకటి మీ దగ్గర ఉండిపోయిందండి" అని అడిగి మరీ తెచ్చుకునేవాడు. అమ్మ ఆ కంచం మీద మూత పెట్టి కూర్చునేది.

తర్వాత జనం సోడాలు మానేసి నీళ్ల ప్యాకెట్ల మీద పడ్డారు. నాన్న కూడా సోడా మిషను అమ్మేసి, అదే షెడ్డులో ఫిల్టర్లూ ప్యాకింగు మిషనూ పెట్టించాడు. మా వైపు సరుక్కి పేరు పెట్టాల్సి వస్తే ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు. ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఆ పిల్ల పేరే. ఏలూరులో నీళ్ల ప్యాకెట్లు చేసేవాళ్ల కూతుళ్ల పేర్లన్నీ ఆ రోజుల్లో ఊరందరికీ తెలుసు. నాన్న మాత్రం సర్టిఫికెట్టు పేరు కాదని తను పిలిచే పేరు పెట్టాడు. నీలం అక్షరాలు, పక్కన నీటిబొట్టు బొమ్మ, కింద మా అడ్రసు. మొదటి ప్యాకెట్టు నా చేతిలో పెట్టి, "చూసుకో, మార్కెట్లోకి వచ్చేశావు" అన్నాడు. మురిసిపోయాను. తాగడానికి మనసొప్పక పుస్తకాల పక్కన దాచుకున్నాను. అది కారి పుస్తకాలన్నీ తడిశాయి.

ఆ మురిపెం ఎన్నాళ్లు! డిగ్రీలో చేరిన ఏడాది ఒక మధ్యాహ్నం బస్టాండులో నిలబడ్డాను. నల్లజర్ల వెళ్లే బస్సులోంచి ఒకాయన ప్యాకెట్టు మూల పళ్లతో కొరికి, నాలుగు గుక్కలు తాగి, మిగిలిన నీళ్లతో సహా కిటికీలోంచి విసిరాడు. కింద కుర్రాళ్లలో ఒకడు దాన్ని మడమతో తొక్కాడు. ఠాప్‌మని పేలింది. ఇంకొకడు దానిమీద పేరు చదివి, "అయ్యో పాపం, పిల్లని చంపేశావురా" అని ఏడుపు గొంతు పెట్టాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ పిల్ల నేనేనని వాళ్లకి తెలీదు. చుట్టూ చూసుకుంటే బస్టాండు నిండా నేనే. టైర్ల కింద నేను, వేరుశెనక్కాయ తొక్కల్లో నేను, మూత్రశాల గోడ పక్కన కూడా నేనే.

ఇంటికెళ్లి పుస్తకాలు విసిరికొట్టాను.

"నాన్నా, నీకు దండం పెడతాను. నా పేరు తీసెయ్."

"తీసేసి ఏం పెట్టమంటావమ్మా?"

"ఏదీ వద్దు. ఉత్త నీళ్లని పెట్టు."

"నా పేరు పెట్టలేదు, బతికిపోయాను" అంది అమ్మ వంటింట్లోంచి. "లేకపోతే ఈ వయసులో నన్ను తొక్కుదురు."

నాన్న నవ్వలేదు. తను చేసిన ప్యాకెట్లు ఊళ్లోకి వెళ్లడం చూశాడు కానీ, ఆ తర్వాత వాటి గతేమిటో అప్పటిదాకా తల తిప్పి చూడలేదు. ఆ సాయంత్రం సైకిలేసుకుని బస్టాండుకి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. వచ్చాక కాళ్లు కడుక్కుంటూ, "సీసాలైతే తిరిగొచ్చేవి" అన్నాడు, ఎవరితోనూ కాదు.

ఆ వానాకాలమే బస్టాండు దగ్గర డ్రైను పొంగి కొట్లలోకి నీళ్లొచ్చాయి. మనుషులు దిగి పూడిక తీస్తే మట్టికన్నా ఎక్కువ నీళ్ల ప్యాకెట్ల కవర్లే వచ్చాయట. శానిటరీ ఇన్‌స్పెక్టరుగారు ప్యాకెట్లు చేసేవాళ్లందరినీ పిలిపించారు. ఆయన మాటల్ని నాన్న భోజనాల దగ్గర మాకు ఆయన గొంతుతోనే వినిపించాడు.

"ఏవండీ, పేర్లు మాత్రం ముద్దుముద్దుగా పెట్టుకున్నారు. పిల్లల్ని కని రోడ్డు మీద వదిలేస్తే ఎలాగండీ? ఎవరి పిల్లని వాళ్లు ఇంటికి తీసుకెళ్లండి!"

వారం వారం ప్రతివాళ్లూ తమ కవర్లు ఏరించి బస్తాలో తెచ్చి చూపించాలి, లేకపోతే లైసెన్సు రెన్యువల్ చేయం అన్నది ఆజ్ఞ. మిగతావాళ్లు చెవిన పెట్టింది ఆ లైసెన్సు మాట. నాన్నకి చెవికెక్కింది పిల్ల మాట. ఆయన వేళాకోళానికన్నదాన్ని ఈయన గుండెకి రాసుకున్నాడు. అమ్మ తల కొట్టుకుంది.

మిగతావాళ్లు తెలివైనవాళ్లు. పాత ఇనప సామాన్ల కొట్లో ఎవరో ఏరిన బస్తా ఒకటి సంపాదించి, ఇవాళ ఒకరి పేరున, రేపు ఇంకొకరి పేరున అదే బస్తాని చూపించుకొచ్చేవారు. బస్తా తిరిగింది, కవర్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఇప్పుడు దీనికి పెద్ద చట్టమే వచ్చింది. ప్లాస్టిక్‌లో సరుకు కట్టి అమ్మే కంపెనీయే ఆ ప్లాస్టిక్‌ని వెనక్కి తీసుకునే బాధ్యత కూడా మోయాలి. జంగారెడ్డిగూడెం రోడ్డులో నేను పనిచేసే నూనె ప్యాకింగు ఆఫీసులో ఆ లెక్కలు చూసేది నేనే. ఎక్కడో ఎవరో ఏరి కరిగించిన ప్లాస్టిక్ తాలూకు సర్టిఫికెట్టు కొంటాం, కంప్యూటర్లో ఎక్కిస్తాం. అంతా రూలు ప్రకారమే, నేను తప్పు పట్టను. కానీ బటను నొక్కేటప్పుడు మా పెరట్లో ఆరేసిన తడి కవర్ల వాసన ముక్కుకి తగులుతుంది, ఆ పూట ఇంక పని సాగదు.

నాన్న పాత గొడుగు ఊచకి కొక్కెం వంచుకుని, తెల్లవారకముందే సైకిలు మీద బయల్దేరేవాడు. మొదట్లో మా కవర్లే ఏరేవాడు. పక్కన ఇంకొకరివి ఉన్నా ముట్టుకునేవాడు కాదు. నాలుగు రోజులు పోయాక ఒకనాడు బస్తా విప్పితే వేరే పేర్లవి కూడా ఉన్నాయి.

"ఇవి మనవి కాదుగా నాన్నా?"

"ఆ పిల్ల డ్రైన్లో బోర్లా పడుందమ్మా. చూస్తూ చూస్తూ ఎలా వచ్చెయ్యను? వాళ్ల నాన్నకి తీరిక చిక్కలేదేమో పాపం."

"బావుందండీ వరస!" అంది అమ్మ. "ఊళ్లో ఆడపిల్లలందర్నీ తెచ్చి నా పెరట్లో పెట్టండి. నీళ్లు పోసి, తలలార్చి, జడలు కూడా వేస్తాను." అంటూనే చీర కుచ్చిళ్లు దోపుకుని తొట్టి దగ్గర కూర్చుంది. కడిగిన కవర్లన్నీ తాడు మీద క్లిప్పులు పెట్టి ఆరేసేది. ఏలూరు నీళ్లవాళ్ల కూతుళ్లందరం మా దండెం మీద గాలికి ఊగేవాళ్లం.

ఇంతలో ఇంకో విచిత్రం జరిగింది. పేరుంటేనే కదా పట్టుకుంటారని కొందరు కవరు మీద పేరూ అడ్రసూ లేకుండానే ప్యాకెట్లు వదలడం మొదలుపెట్టారు. కొందరు అక్షరాలు అలుక్కుపోయేలా అచ్చు వేయించారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూశావా నాన్నా, అందరూ తీసేస్తున్నారు. నువ్వూ తీసెయ్."

నాన్న ఆ పేరులేని కవరొకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇదెవరిదని అడిగితే ఎవరిదని చెప్తావు? పేరు తీసేస్తే ఎవరిదీ కాకుండా పోద్దమ్మా. ఎవరిదీ కానిదాన్ని ఎవరొచ్చి ఏరతారు? నీ పేరు రోడ్డు మీద ఉంటే నేను వెళ్లి తెచ్చుకుంటాను. ఒక్కటి కూడా వదలను. సరేనా?"

సరేనన్నాను. కానీ నమ్మలేదు. ఆ మర్నాటినించి నేను కూడా వెంట వెళ్లడం మొదలుపెట్టాను, ఒక్కటి కూడా వదలడా లేదా చూద్దామని. సిగ్గు పోయిందని అబద్ధం చెప్పను, చున్నీ ముక్కు దాకా లాక్కునే వెళ్లేదాన్ని. రోడ్డుకి ఆ పక్క నాన్న, ఈ పక్క నేను. మా కవరు దొరికినప్పుడల్లా నాన్న దానిమీద పేరు పైకి పిలిచేవాడు, చివరి అక్షరం బాగా సాగదీసి, "దొరికావా!" అనేవాడు. నేను ఈ పక్కనించి "ఆఁ, నాన్నా" అని పలకాలి. పలక్కపోతే మళ్లీ పిలిచేవాడు. ఊరింకా నిద్ర లేవకముందు కాలవగట్టు పొడుగునా మాది ఇదే ఆట. పుట్టి బుద్ధెరిగాక అన్నిసార్లు నా పేరు విన్న రోజులు మళ్లీ లేవు.

ఆరిన కవర్లు తాడేపల్లిగూడెం వెళ్లేవి. అక్కడ ఉల్లిపాయల మార్కెట్టు దాటాక ఒక సాయిబుగారికి ప్లాస్టిక్ కరిగించి నల్ల పైపులు చేసే షెడ్డుండేది. మొదటిసారి బస్తాలతో నాన్న వెంట నేనూ వెళ్లాను. సాయిబుగారు నెమ్మదస్తుడు. బస్తాలో చెయ్యి పెట్టి చూసి, "ఇంత శుభ్రంగా ఎవరూ తేరండి. తలంటి పోసి తెచ్చినట్టున్నారు" అన్నారు.

"మా అమ్మాయి పేరండి" అన్నాడు నాన్న నన్ను చూపించి.

"అలాగాండీ! మరి లోపలేస్తే పేరు కరిగిపోద్దండి. ప్లాస్టిక్కే మిగులుద్ది."

"కరిగిపోవాలనేనండి తెచ్చింది" అన్నాడు కానీ, ఆయన బస్తా ఎత్తి మిషన్లో గుమ్మరిస్తుంటే నాన్న చూడలేకపోయాడు. బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. నేను లోపలే ఉండి చూశాను. చిక్కటి నల్లటి ముద్ద వచ్చింది. అందులో నేనెక్కడా లేను. నాకెంతో హాయిగా అనిపించింది అప్పట్లో.

ఫాల్గుణంలో కొల్లేటికోట జాతర వచ్చింది. సరస్సు మధ్యలో అమ్మవారు, ఎర్రటి ఎండ, లక్షలాది జనం. ఎవరో వ్యాపారి మా ప్యాకెట్లు వ్యాను నిండా పట్టుకెళ్లి అమ్మాడు. అమ్మకం సంబరం ఒక్క పూట కూడా నిలవలేదు. జాతరయ్యాక గాలికి కవర్లన్నీ కొల్లేట్లో పడ్డాయని తెలిసి నాన్న మంచం మీద కూర్చుండిపోయాడు. మర్నాడు ఇద్దరం గుడివాకలంక దాకా బస్సులో వెళ్లి, అక్కడ దోనె మాట్లాడుకున్నాం.

దోనె నడిపే ఆయన నాన్న ఈడువాడే. చేపలు పట్టుకోవడం మానుకుని కవర్లు పట్టుకోవడానికి వచ్చినవాళ్లని అదే మొదటిసారి చూడటం అన్నాడు. కిక్కిస పొదల మధ్యనించి మెల్లగా గెడ వేసేవాడు. గుర్రపుడెక్క ఆకుల సందుల్లో కవర్లు నీలంగా కనపడేవి. నాన్న దోనె అంచు మీదకి వంగి కొక్కెంతో లాగి, పేరు పిలిచి, "దొరికావా!" అనేవాడు. పక్కనే కూర్చున్న నేను "ఆఁ, నాన్నా" అనేదాన్ని. దూరంగా గూడబాతులు ఒక్కసారిగా లేచి మళ్లీ వాలేవి. కాసేపు చూసి చూసి దోనె ఆయన ఆగలేకపోయాడు.

"ఎవర్ని పిలుత్తన్నారండి?"

"మా అమ్మాయినండి."

"పక్కనే కూకున్నారు గదండి ఆవిడ!"

ముగ్గురం నవ్వాం. దోనె ఊగింది. నవ్వుతూనే ఆయన బీడీ కోసం మొలలోంచి ఏదో తీశాడు. చూస్తే అది మా కవరే. మూల మడతపెట్టి, అందులో బీడీలూ అగ్గిపెట్టే తడవకుండా దాచుకున్నాడు. నాన్న టక్కున చెయ్యి చాపాడు.

"అది మాదండి. ఇచ్చేయండి."

"అమ్మమ్మ, ఇదిచ్చేత్తే నా బీడీలు తడిసిపోతయ్యండి!"

నాన్న చెయ్యి అలాగే ఉంచి కాసేపు ఆలోచించాడు. "సరే, మీరు పారేసింది కాదు కదా, వాడుకుంటున్నారు. ఉంచుకోండి. కానీ మీకు దాంతో పనైపోయాక నీళ్లలో వెయ్యకూడదు. నాకే ఇవ్వాలి."

"ఆయ్, మీకే ఇత్తానండి. ఎప్పుడైనా మీకే."

"మాట తప్పకండి మరి."

ఆ రోజు ఎండకి నా మొహం కమిలిపోయింది, సాయంత్రానికి నాన్న నడుం వంగలేదు. బస్తాలు బస్సు మీదకి ఎక్కించి పక్కపక్కన కూర్చున్నాం. నాన్న ఒళ్లు బురద వాసన. నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆ బస్సు ఇంకో గంట ఆలస్యంగా వెళ్తే ఎంత బావుండేదో అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం స్నానం ఎప్పుడు చేద్దామా అని చూశాను.

ఆ జాతర తర్వాత నాన్న మళ్లీ ప్యాకెట్లు చేయలేదు. తిరిగి తెచ్చుకోలేనంత సరుకు పంపకూడదన్నాడు. మిషను ఆపేసి, వీధి చివర కొళాయి పెట్టించి బిందెలకి నీళ్లు పట్టడం మొదలుపెట్టాడు. బయట మిగిలిన కవర్లని ఏరడం మాత్రం మానలేదు. నాకు పెళ్లయి వెళ్లిన తర్వాత కూడా ఫోను చేసి, "ఇవాళ పవర్‌పేట స్టేషను దగ్గర ఒకటి దొరికావమ్మా" అని చెప్పేవాడు. ఫోనులోనే "ఆఁ, నాన్నా" అనేదాన్ని. రానురాను ఆ ఫోన్లు తగ్గాయి. దొరకడం మానేశాయి మరి. ఒకరోజు అమ్మ ఫోను చేసింది. నాన్నకి గుండెనొప్పి వచ్చిందని, హాస్పిటలుకి తీసుకెళ్లేలోపే పోయాడని.

కర్మకాండలన్నీ అయి, చుట్టాలు వెళ్లి, ఇల్లు ఖాళీ అయ్యాక తెలిసింది, నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు ఈ భూమ్మీద ఇంక లేరని. అమ్మని పిలవమని అడిగాను. ఆవిడ నోరు తెరిచి, పిలవలేక కొంగు నోట్లో కుక్కుకుంది. పెరటి షెడ్డంతా వెతికాను. ఒక్క కవరు లేదు. వాడకుండా మిగిలిన, పేరు అచ్చేసిన ప్లాస్టిక్ చుట్ట కూడా నాన్నే సాయిబుగారికి ఇచ్చేశాడట. అన్న మాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు, ఒక్కటి కూడా వదల్లేదు.

వెర్రిదాన్నయిపోయాను. ఏ పేరు తీసెయ్యమని ఏడ్చానో దాని కోసం బస్టాండులో నేలంతా వెతికేదాన్ని. రైల్లో వెళ్తుంటే పట్టాల పక్కన నీలంగా ఏది కనపడ్డా కిటికీ ఊచలకి మొహం ఆనించేదాన్ని. ప్లాస్టిక్ వందల ఏళ్లు భూమిలో కరగదంటారు. మరి నాదెక్కడ? అన్ని వేల ప్యాకెట్లలో నా కోసం ఒక్కటి మిగలకూడదా? ఊరి పిల్లల కవర్లన్నీ కనపడేవి, నాది తప్ప. నాన్న మీద కోపం కూడా వచ్చేది. అంత బాగా ఏరమని నేను చెప్పానా? సరేనన్నది నేనే.

ఆ మరుసటి ఫాల్గుణంలో మా అత్తగారికి మొక్కు ఉంటే కొల్లేటికోట వెళ్లాం. దర్శనమయ్యాక ఆవిడని నీడలో కూర్చోబెట్టి రేవు వైపు వచ్చాను. ఒక దోనె ఆయన నన్నే పరీక్షగా చూస్తూ దగ్గరికొచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది, నేను ముందు పోల్చుకోలేదు.

"అమ్మగారూ, కవర్ల వారి అమ్మాయిగారు కదండీ? నాన్నగారు రాలేదాండి?"

చెప్పాను. ఆయన తల మీద తుండు తీసి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత మొలలో చెయ్యి పెట్టి ఒక కవరు తీశాడు. మడతల దగ్గర తెల్లగా అరిగిపోయింది. నీటిబొట్టు సగం చెరిగింది. అక్షరాలు మాత్రం ఉన్నాయి.

"కిందటేడే బీడీలు మానేశానండి, డాట్రుగారు తిట్టారు. దీంతో నాకు పనైపోయిందండి. పనైపోయాక తనకే ఇమ్మన్నారు కదండీ మీ నాన్నగారు. ఈ ఏడైనా జాతరకి వత్తారని అట్టిపెట్టేను."

చెయ్యి చాపాను కానీ అందుకోలేకపోయాను. బీడీల వాసన, చేపల వాసన. ఆయన దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూస్తూ, "నాకు చదువు రాదండి. కానీ ఈ బొమ్మ చూసినప్పుడల్లా ఆయన కేకే వినపడద్దండి" అన్నాడు. అని, నాన్న పిలిచినట్టే, చివరి అక్షరం అలాగే సాగదీసి, కొల్లేటి మీదకి నా పేరు పిలిచాడు. "దొరికావా!"

"ఆఁ, నాన్నా" అన్నాను.

ఆ కవరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రూలు ప్రకారం అది ఎప్పుడో తాడేపల్లిగూడెం వెళ్లి కరిగిపోవాలి. పంపలేదు.